చెప్పుకోలేని చోట పులిపిర్లు.. పోల్చుకోవడమే సగం వైద్యం

* ప్రతి బుడిపె సుఖవ్యాధి కాదు.. ప్రతి దురదా మామూలు దురద కాదు
* సొంత వైద్యంతో ముదురుతున్న సమస్యలు
* సందేహం ఉంటే ముక్క పరీక్షే మార్గం

ఖమ్మం: స్నానం చేస్తుండగా చేతికి చిన్న బుడిపె తగులుతుంది. ఎవరికి చెప్పాలో తెలియదు. అత్తకు చెబితే ఏమనుకుంటుందో, భర్తకు చెబితే ఏమంటాడోనన్న భయం. ఊళ్లో ఆర్‌ఎంపీ మగవాడు. చివరికి మండల కేంద్రంలోని మందుల దుకాణానికి వెళ్లి, దురదగా ఉందని మాత్రం చెప్పి ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు తెచ్చుకుంటుంది. ఆ ట్యూబు అయిపోతే మరొకటి. పెద్దాసుపత్రి మెట్లెక్కే సరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

పల్లెల్లో ఎందరో మహిళల అనుభవం ఇది. సిగ్గుతో దాచిన జబ్బు రెండు విధాలుగా నష్టం చేస్తుంది. జబ్బే కానిదాన్ని సుఖవ్యాధిగా భావించి కుమిలిపోవడం ఒకటి. ముదిరితే ప్రాణం మీదకు వచ్చేదాన్ని మామూలు దురదగా భావించి ఊరుకోవడం రెండోది. స్త్రీల బాహ్య జననాంగంపై వచ్చే పులిపిర్లు ఎలా ఉంటాయి, వాటిని పోలినవి ఏవి, వైద్యులు వాటిని ఎలా వేరు చేస్తారన్నది తెలుసుకుంటే ఈ రెండు పొరపాట్లనూ తప్పించుకోవచ్చు.

ఎందుకు వస్తాయి?

పులిపిర్లకు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీన్నే హెచ్‌పీవీ అంటారు. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతులపై, పాదాలపై పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, జననాంగాలకు సోకేవి వేరు. జననాంగ పులిపిర్లలో దాదాపు 90 శాతానికి 6, 11 రకాలే కారణం. ఇవి సాధారణంగా క్యాన్సర్‌కు దారితీయవు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమయ్యేవి 16, 18 రకాలు. పులిపిరి వచ్చిందంటే క్యాన్సర్ వచ్చినట్లేనన్న భయం అందుకే సరికాదు. అయితే ఒకే వ్యక్తికి రెండు తరగతుల వైరస్‌లూ సోకే అవకాశం ఉన్నందున పరీక్ష మాత్రం తప్పనిసరి.

ఈ వైరస్ ప్రధానంగా లైంగిక కలయికలో చర్మానికి చర్మం తాకడం వల్ల వ్యాపిస్తుంది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది గానీ, అది కప్పని భాగం నుంచి కూడా వైరస్ సోకవచ్చు. సోకిన వారిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. వారి శరీరమే ఏడాది, రెండేళ్లలో వైరస్‌ను అణచివేస్తుంది.

ఎవరి నుంచి వచ్చింది?

కాపురాల్లో చిచ్చు పెట్టే ప్రశ్న ఇది. వైరస్ సోకిన తరువాత పులిపిరి బయటపడటానికి కొన్ని వారాల నుంచి నెలలు పట్టవచ్చు. కొందరిలో ఏళ్లు కూడా పట్టవచ్చు. భర్తకు ఏ బుడిపె లేకపోయినా అతని నుంచి భార్యకు రావచ్చు. పెళ్లికి ముందు ఎప్పుడో ఒకరికి సోకిన వైరస్ కాపురానికి వచ్చిన చాలాకాలానికి మరొకరిలో బయటపడవచ్చు. కాబట్టి పులిపిరిని చూసి అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో తేల్చడం ఏ వైద్యునికీ సాధ్యం కాదు. దీన్ని శీలానికి సాక్ష్యంగా తీసుకొని భార్యను పుట్టింటికి పంపడం, పెద్దమనుషుల్లో పెట్టడం అజ్ఞానమే అవుతుంది. చేయవలసింది ఒక్కటే. దంపతులిద్దరూ కలిసి పరీక్ష చేయించుకోవాలి.

ఎలా గుర్తిస్తారు?

జననాంగ పులిపిర్లను అనుభవం గల వైద్యులు చాలావరకు కంటితో చూసే గుర్తిస్తారు. మంచి వెలుతురు, ఒక భూతద్దం ఉంటే చాలు. ఇవి గరుకుగా, కోడిజుట్టులా లేదా క్యాలీఫ్లవర్ పువ్వులా గుత్తులుగా పెరుగుతాయి. కొన్ని చదునుగా, కొన్ని చిన్న కాడతో ఉంటాయి. రంగు చర్మం మాదిరిగానో, గులాబీగానో, గోధుమగానో ఉండవచ్చు. నొప్పి ఉండదు. కొందరికి దురద, తడి, రాపిడి వల్ల రక్తం కనిపించవచ్చు. యోని పెదవులతో పాటు యోని లోపల, గర్భాశయ ముఖద్వారం వద్ద, మలద్వారం చుట్టూ కూడా ఉండే వీలున్నందున అవన్నీ పరిశీలిస్తారు.

వైద్యులు అడిగే ప్రశ్నలు ఇబ్బందిగా అనిపించవచ్చు. బుడిపె ఎప్పటి నుంచి ఉంది, పెరుగుతోందా, దురద పగలా రాత్రా, ఏ లేపనాలు వాడారు, గర్భం ఉందా, భర్తకు ఏవైనా లక్షణాలు ఉన్నాయా అని అడుగుతారు. దాచకుండా చెప్పడం మంచిది. ఇంతకుముందు వాడిన ట్యూబులు, చీటీలు వెంట తీసుకెళితే సగం పని సులువవుతుంది. పరీక్ష సమయంలో మహిళా సిబ్బంది పక్కన ఉండాలని కోరే హక్కు ప్రతి మహిళకూ ఉంది.

ఒక లైంగిక వ్యాధి ఉన్నచోట మరొకటి కూడా ఉండవచ్చు. కాబట్టి సిఫిలిస్ కోసం వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ రక్తపరీక్ష, సమ్మతి తీసుకొని హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. రోగనిరోధక శక్తి తగ్గిన వారిలో పులిపిర్లు పెద్దవిగా, మొండిగా పెరుగుతాయి.

బుడిపెపై 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే పలుచని వెనిగర్ వంటి ద్రావణం అద్ది తెల్లబడిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. బాహ్య చర్మంపై దీన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. ఫంగస్ ఉన్నా, చర్మం ఒరుసుకుపోయినా తెల్లబడుతుంది. అలాగే పులిపిరి నిర్ధారణకు ఖరీదైన హెచ్‌పీవీ పరీక్ష అవసరం లేదు. ఆ ఫలితం వల్ల చికిత్స మారదు.

పులిపిర్లను పోలినవి ఎన్నో

వైద్యానికి వచ్చే ప్రతి బుడిపె పులిపిరి కాదు. తరచూ పొరపాటు పడేవి ఇవి.

సహజమైన పొక్కులు: యోని ద్వారం చుట్టూ, చిన్న పెదవుల లోపలి వైపు మెత్తని చిన్న చిన్న మొనలు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి. వెస్టిబ్యులార్ పాపిలోమటోసిస్ అని వీటికి పేరు. ఇది జబ్బు కాదు. ఇవి గులాబీ రంగులో, రెండు వైపులా ఒకే వరుసలో ఉంటాయి. ప్రతి మొనకూ దాని మొదలు దానికే ఉంటుంది. పులిపిర్లలో మాత్రం అనేక మొనలు ఒకే మొదలు నుంచి చీలి వస్తాయి. ఈ తేడా తెలియక సహజమైన చర్మాన్ని కాల్చి పుండు చేసుకోవడం దురదృష్టకరం.

పసుపు చుక్కలు: పెదవులపై ఆవగింజ కన్నా చిన్నవిగా, లేత పసుపు రంగులో కనిపించేవి నూనె గ్రంథులు. ఫోర్‌డైస్ చుక్కలంటారు. వీటికి చికిత్స అక్కరలేదు.

మొలస్కం: ఇదీ వైరస్ జబ్బే గానీ హెచ్‌పీవీ కాదు. ముత్యంలా నున్నగా ఉండి నడుమ బొడ్డులా గుంట ఉంటుంది. పిల్లల్లో ముఖంపై, ఒంటిపై కూడా వస్తుంది.

సిఫిలిస్ బుడిపెలు: వీటిని పోల్చుకోవడం అత్యవసరం. సిఫిలిస్ రెండో దశలో జననాంగం, మలద్వారం వద్ద వెడల్పుగా, చదునుగా, తడిగా ఉండే బుడిపెలు వస్తాయి. వీటిని పులిపిర్లనుకొని కాల్చితే బుడిపె పోవచ్చు గానీ జబ్బు రక్తంలోనే ఉంటుంది. గర్భిణి అయితే బిడ్డకూ సోకుతుంది. రక్తపరీక్షతో బయటపడే ఈ వ్యాధి తొలి దశల్లో ఉంటే పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమవుతుంది.

బోదకాలు ప్రభావం: ఫైలేరియా వల్ల గానీ, క్షయ వల్ల గానీ శోషరస నాళాలు మూసుకుపోతే జననాంగంపై నీటి బుడగల వంటి బుడిపెలు రావచ్చు. వీటి నుంచి స్వచ్ఛమైన ద్రవం కారుతుంది. బోదకాలు చరిత్ర ఉన్న కోస్తా ప్రాంతాల వారు ఈ సంగతిని వైద్యులకు తప్పక చెప్పాలి.

పుండ్లు: చిన్న నీటిపొక్కులు చిట్లి మంట, నొప్పితో పుండ్లయితే హెర్పిస్ కావచ్చు. నొప్పి లేకుండా ఎర్రని మాంసపు కండలా పెరుగుతూ, ముట్టుకుంటే రక్తం కారే పుండు అయితే డోనోవనోసిస్ కావచ్చు. ఇవి పులిపిర్లు కావు. వీటి మందులు వేరు.

దురద, తెల్లమచ్చ.. తేలిగ్గా తీసుకోవద్దు

ఎడతెగని దురదతో వచ్చే వారిలో ఎక్కువమందికి కారణం ఫంగస్. పెరుగు విరిగినట్లు తెల్లబట్ట, ఎర్రదనం ఉంటే క్యాండిడా అని అనుమానిస్తారు. ఇది పదేపదే వస్తుంటే మధుమేహం ఉందేమో చూడాలి. గజ్జల్లో వలయాలుగా వచ్చేది తామర.

కానీ దురదతో పాటు చర్మం తెల్లబడి, ఉల్లిపొరలా పలుచగా ముడతలు పడుతుంటే అది లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. రాత్రివేళ దురద అధికం. నెలసరి ఆగిన స్త్రీలలో ఎక్కువగా, రజస్వల కాని బాలికల్లో అరుదుగా కనిపిస్తుంది. తెల్లదనం యోని చుట్టూ, మలద్వారం చుట్టూ వ్యాపించి 8 అంకె ఆకారంలో ఉండవచ్చు. పట్టించుకోకపోతే చిన్న పెదవులు కరిగిపోయి, యోని ద్వారం బిగుసుకుపోతుంది. కలయిక నరకమవుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి నుంచి మరొకరికి రాదు. అయితే కొద్ది శాతం మందిలో క్యాన్సర్‌గా మారే ముప్పు ఉన్నందున ఏడాదికోసారైనా పరీక్ష జరగాలి.

దీన్ని బొల్లితో పొరబడటమూ ఉంది. బొల్లిలో రంగు మాత్రమే పోతుంది. చర్మం నునుపు మారదు, సాధారణంగా దురద ఉండదు. గోకిగోకి చర్మం తోలులా మందమైతే అది లైకెన్ సింప్లెక్స్. నోట్లో కూడా తెల్లని గీతలు, పుండ్లు ఉంటే లైకెన్ ప్లానస్‌ను అనుమానిస్తారు.

ఒకే మందు.. వైద్యమూ అదే, విషమూ అదే

లైకెన్ స్క్లెరోసస్‌కు ప్రధాన చికిత్స బలమైన స్టెరాయిడ్ లేపనం. క్లోబెటసాల్ 0.05 శాతం ఆయింట్‌మెంట్‌ను వైద్యుల పర్యవేక్షణలో కొన్ని నెలలు, మోతాదు తగ్గించుకుంటూ వాడతారు. అదే మందును ఫంగస్‌పై రాస్తే మొదట రెండు రోజులు హాయిగా ఉండి, ఆ తరువాత తామర గజ్జల నుంచి తొడలకు పాకుతుంది, చర్మం పలుచబడుతుంది. పులిపిరిపై రాస్తే లాభం ఉండదు. అందుకే ముందు జబ్బు ఏమిటో తేలాలి, తరువాతే ట్యూబు. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ లేపనాలు అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధనలు బిగించింది. అయినా దుకాణాల్లో మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు అడిగిన వెంటనే చేతికి వస్తూనే ఉన్నాయి.

ముక్క పరీక్ష ఎప్పుడు?

కంటికి అంతుపట్టనప్పుడు బుడిపె నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ముక్క పరీక్ష అనగానే క్యాన్సర్ అన్న భయం అక్కరలేదు. ఆ చోట మత్తు సూది ఇచ్చి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. కింది సందర్భాల్లో దీన్ని వాయిదా వేయకూడదు.

* బుడిపె నల్లగా, ముదురు గోధుమ రంగులో ఉంటే
* గట్టిపడి, కిందికి అతుక్కుపోయినట్లుంటే
* పుండు పడినా, తరచూ రక్తం కారినా
* చికిత్స చేసినా తగ్గకపోయినా, చికిత్స నడుమనే పెరుగుతున్నా
* హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారికి
* నెలసరి ఆగిన తరువాత తొలిసారి బుడిపె కనిపిస్తే
* తెల్లమచ్చ ఒకచోట మందంగా, గరుకుగా మారితే

క్యాన్సర్‌కు ముందు దశ అయిన విన్ అచ్చం పులిపిరిలాగే కనిపించవచ్చు. యువతుల్లో గోధుమ రంగు చదును బుడిపెలుగా వచ్చే రకానికి తరచూ 16వ రకం వైరస్ కారణం. వయసు మళ్లిన వారిలో లైకెన్ స్క్లెరోసస్ ఉన్నచోట వచ్చే రకం మరింత ప్రమాదకరం. ఈ దశలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. దురదేనని ఊరుకుంటే పెద్ద శస్త్రచికిత్స వరకు వెళ్తుంది.

చికిత్స మాటేమిటి?

పులిపిర్లకు వైద్యుల చేతిలో అనేక మార్గాలున్నాయి. ఆసుపత్రిలో ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం లేదా పొడోఫిలిన్ అద్దడం, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, విద్యుత్తుతో లేదా లేజర్‌తో కాల్చడం, కత్తిరించడం చేస్తారు. ఇంటివద్ద రాసుకునేందుకు ఇమిక్విమాడ్ 5 శాతం క్రీము ఉంది. ఇవన్నీ కనిపించే పులిపిరిని తొలగిస్తాయి గానీ వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టవు. అందుకే తొలి మూడు నెలల్లో మళ్లీ రావడం మామూలే. వచ్చిందని నిరాశపడి చికిత్స మానరాదు. కొందరికి మందు లేకుండానే మాయమవుతాయి.

చేతి పులిపిర్లకు చేసినట్లు సున్నం, చాకలి సోడా కలిపి రాయడం, గుర్రపు వెంట్రుకతో కట్టడం, జీడి రసం అంటించడం ఇక్కడ ఎంతమాత్రం పనికిరాదు. ఆ చర్మం చాలా సున్నితం. కాలిన గాయం మానినా మచ్చ, బిగుతు మిగులుతాయి.

గర్భిణులు, చిన్నారుల విషయంలో

గర్భం సమయంలో పులిపిర్లు వేగంగా పెరుగుతాయి. పొడోఫిలిన్ గర్భిణులకు నిషిద్ధం. ఇమిక్విమాడ్ కూడా ఇవ్వరు. ఆమ్లం అద్దడం, గడ్డకట్టించడం వంటివి చేస్తారు. పులిపిర్లు ఉన్నాయన్న కారణంతోనే సిజేరియన్ అవసరం లేదు. అవి కాన్పు దారికి అడ్డుపడితేనో, తీవ్ర రక్తస్రావం అయ్యేలా ఉంటేనో ఆలోచిస్తారు.

చిన్నపిల్లల జననాంగంపై పులిపిరి కనిపిస్తే దాచకూడదు. కాన్పు సమయంలో తల్లి నుంచి, పెద్దల చేతి పులిపిర్ల నుంచి కూడా రావచ్చు. కాబట్టి అఘాయిత్యమేనని వెంటనే నిర్ధారణకు రాకూడదు. అలాగని ఆ కోణాన్ని విస్మరించనూ కూడదు. అనుమానం బలపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం సమాచారం ఇవ్వడం వైద్యుల బాధ్యత.

టీకా.. ఖమ్మం చేదు జ్ఞాపకం

హెచ్‌పీవీ టీకా పేరు వింటే ఈ జిల్లాలో పెద్దలకు 2009 గుర్తుకొస్తుంది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు పాత్ అనే సంస్థ ప్రాజెక్టు కింద టీకా వేశారు. కొందరు బాలికల మరణాలతో ఆందోళన రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులకు తెలియకుండా వసతిగృహాల్లో వార్డెన్ల సంతకాలతో కానిచ్చిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

అక్కడ తప్పు జరిగింది సమ్మతి తీసుకోవడంలో. టీకా విలువ అది వేరు. ఆస్ట్రేలియాలో 2007లో బాలికలకు టీకా మొదలుపెట్టగా 2011 నాటికి 21 ఏళ్లలోపు యువతుల్లో జననాంగ పులిపిర్లు 90 శాతానికి పైగా తగ్గాయి. మన దేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. ఇది 6, 11, 16, 18 రకాల నుంచి రక్షణ ఇస్తుంది. వచ్చిన పులిపిరిని ఏ టీకా తగ్గించదు. వైరస్ సోకకముందే వేయించుకోవాలి. వేయించే ముందు తల్లిదండ్రులకు అన్నీ వివరించి చెప్పాలి. ఖమ్మం నేర్పిన పాఠం అదే.

ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగం, స్త్రీ వ్యాధుల విభాగం ఉన్నాయి. లైంగిక వ్యాధులకు ఉచితంగా సలహా, చికిత్స అందించే కేంద్రాలను సురక్ష క్లినిక్‌ల పేరుతో నిర్వహిస్తున్నారు. అక్కడ రంగుల కిట్లలో ఇచ్చే మాత్రలు తెల్లబట్ట, పుండ్లు, పొత్తికడుపు నొప్పి వంటి వాటికే. పులిపిర్లు వాటితో తగ్గవు. కిట్ వాడాం గనుక అయిపోయిందని ఊరుకోకుండా పులిపిరి సంగతి విడిగా చెప్పాలి. పెద్దాసుపత్రికి ఒంటరిగా వెళ్లడానికి జంకేవారు ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్తను తోడు తీసుకోవచ్చు. హెచ్‌ఐవీ, లైంగిక వ్యాధులపై సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 30 ఏళ్లు దాటిన మహిళలు పులిపిర్లు ఉన్నా లేకున్నా ఐదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

ఇవి గుర్తుంచుకోండి

* నెలకోసారి వెలుతురులో చేతి అద్దంతో చూసుకోండి. రంగు, ఆకారం మారితే గమనించండి.
* పేరు తెలియని ట్యూబు రాయవద్దు. సబ్బు, డెటాల్‌తో కడగవద్దు. మామూలు నీరు చాలు.
* పులిపిర్లున్న చోట షేవింగ్ చేయవద్దు. వైరస్ పక్క చర్మానికి పాకుతుంది.
* చికిత్స పూర్తయ్యే వరకు కలయికకు దూరంగా ఉండటం మంచిది. ఆ తరువాత కూడా కండోమ్ వాడాలి.
* మూడు వారాలు దాటినా తగ్గని దురద, పుండు, బుడిపె ఏదైనా వైద్యులకు చూపించాలి.

పంటి నొప్పికి, కంటి మసకకు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఎవరూ సిగ్గుపడరు. ఇదీ చర్మమే, ఇదీ జబ్బే. ఓపీ చీటీ రాయించుకునేందుకు పట్టే పది నిమిషాల సంకోచాన్ని దాటితే ఏళ్ల తరబడి మోసిన భయం ఒక్క పూటలో తీరిపోవచ్చు.